మొదటి గంట ముక్కు

మొన్న పొద్దున ఒక అమ్మాయి చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి, నా టైలరింగ్ షాపు ముందు ఆగి, లేడీస్ హాస్టల్ ఎటువైపని అడిగింది. అమీర్‌పేటలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా ఒక ఉద్యోగమే. జీతం ఉండదు, సెలవూ ఉండదు. చేతిలో కత్తెర ఉంటే దానితోనే దారి చూపించాను. అంతటితో ఊరుకోవాల్సింది. నోరు ఊరుకోలేదు. "దిగి ఎంతసేపైంది బిడ్డా? మొట్టమొదట ఏం కనబడ్డది?" అని అడిగేసింది.

ఆ పిల్ల నన్ను, నా మెడలోని టేపును, చేతిలోని కత్తెరను వరసగా చూసి, పెట్టెను తనవైపు లాక్కుని గబగబా వెళ్ళిపోయింది. న్యాయమే. తలకు సున్నం వేసినట్టున్న మనిషి కత్తెర ఊపుకుంటూ అలా అడిగితే ఎవరైనా అదే పని చేస్తారు.

ఆ ప్రశ్న సారుది. సారు పోయి ఆరు నెలలైంది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే పైనుంచి దిగి వచ్చి, "టైలరుగారూ, నా పేరులో దీర్ఘం ఎగరగొట్టారు" అంటారు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ని. నా దీర్ఘాల మీద నాకే భరోసా లేదు.

మా పరిచయం ఒక జేబు దగ్గర మొదలైంది. ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, మా గల్లీలోనే, నా షాపుకు ఎదురుగా మేడమీద ఒక పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. ఒకరోజు నాలుగు ప్యాంట్లు పట్టుకొచ్చి, ప్రతిదానికీ ఎడమ మోకాలి దగ్గర ఇంకో జేబు కుట్టాలన్నారు. లోపల రెయిన్‌కోటు గుడ్డ వేయాలట. "గదెందుకు సార్, చేపలు పడతరా?" అంటే, "చెత్తకండీ" అన్నారు, ఫోన్ పెట్టుకోవడానికి అన్నంత మామూలుగా.

నిజంగానే ఆ జేబు చెత్తకే. బస్సు టికెట్టు, పల్లీల పొట్టు, సీతాఫలం గింజలు, ఎవరో చేతిలో పెట్టిన కోచింగ్ సెంటర్ కాగితం, అన్నీ అందులోకే వెళ్ళేవి. ఇంటికెళ్ళి బుట్టలో దులిపేవారు. అరటిపండు తిన్న రోజున బల్కంపేట రోడ్డు మీద ఆయన ముందు నడుస్తుంటే, వెనక ఒక ఆవు ఆయన మోకాలు వాసన చూసుకుంటూ వచ్చేది. ఆయన ఆగితే అదీ ఆగేది. "దానికి నా మీద నమ్మకం కుదిరిందండీ" అనేవారు. నమ్మకం ఆయన మీద కాదు, తొక్క మీద అని నేను చెప్పలేదు. గిరాకీ పోగొట్టుకోవడం ఎందుకు.

సారుకు ఒక సిద్ధాంతం ఉండేది. గోదావరి జిల్లా మనిషి కాబట్టి సిద్ధాంతం లేకుండా టీ తాగరు. "ముక్కు మనకి మూడు రోజులే డ్యూటీ చేస్తుందండీ. నాలుగోనాడు రిటైరైపోతుంది. కన్ను మరో వారం లాగుతుంది. ఆ తర్వాత మీరూ నేనూ ఈ ఊళ్ళో గుడ్డివాళ్ళమే." అందుకని ఊరు ఎలా ఉందో ఊళ్ళో ఉన్నవాణ్ని అడగకూడదట. అప్పుడే దిగినవాణ్ని అడగాలట.

దానికి అమీర్‌పేటను మించిన చోటు ఎక్కడుంది? పొద్దున్నే బస్సులు, మెట్రో రైళ్ళు కలిసి కొత్త ముక్కుల్ని బస్తాల లెక్కన మా మీద కుమ్మరిస్తాయి. కంప్యూటర్ కోర్సులకొచ్చే పిల్లలు, ఇంటర్వ్యూలకొచ్చేవాళ్ళు, ఆస్పత్రులకొచ్చేవాళ్ళు. సారు ఏడు గంటలకు నా షాపు ముందు స్టూలు వేసుకుని, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, వలవేసినవాడిలా కూర్చునేవారు. చేతిలో పెట్టె కనబడితే చాలు. "దిగి ఎంతసేపైంది నాయనా? మొదట ఏం కనబడింది?"

దిగి గంట లోపయితే ఫుల్ చాయ్. పొద్దున దిగినవాడు సాయంత్రం దొరికితే హాఫ్. నిన్న దిగానన్నాడంటే, "పాతబడిపోయావు నాయనా, పోయి చదువుకో" అని పంపేసేవారు. మెట్రో స్టేషన్ మెట్ల మీదే పట్టుబడ్డవాళ్ళనైతే పనికిరారని తోసేసేవారు. "పైనుంచి వచ్చారు కదండీ. ఊరి తలకట్టు చూశారు, కాళ్ళు చూడలేదు."

జవాబులు కూడా అలాగే ఉండేవి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పిల్ల, ఇన్ని తీగలున్నాయి, పక్షులు ఎటునుంచి పోతాయండీ అంది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలాయన మా గల్లీ చెత్త మూల చూసి, కిందపడింది ఇంతుంటే డబ్బాల్లో ఎంతుందో అని ఆశ్చర్యపోయాడు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒకతనైతే చేతులు చాచి, ఇంత శుభ్రమైన ఊరు నేను చూడలేదన్నాడు. నేను సంబరంగా కత్తెర కింద పెట్టి, సార్, మనం గెలిచినం, ఇయ్యాల చాయ్ నాది అన్నాను. సారు మొహం మాడ్చుకున్నారు. "ఆయన వాళ్ళ ఊరిని తలుచుకుని చెప్పాడండీ. మనల్ని చూసి కాదు."

ముగ్గురు కొత్తవాళ్ళు ఒకటే చెప్పారంటే సారు గొడుగు తీసుకుని లేచేవారు. ఎవరినీ తిట్టడం, అర్జీ పెట్టడం ఉండదు. ఆ దరిద్రం పక్కన గొడుగు తెరిచి నిలబడేవారు, అంతే. పక్కనున్న టిఫిన్ సెంటరు కడుగు నీళ్ళు రోడ్డు మీదికి వదిలినప్పుడు రెండు రోజులు ఆ నీళ్ళ ఒడ్డున, ఎండలో, మౌనంగా నిలబడ్డారు. ఇడ్లీ తింటున్నవాళ్ళు ఏమైందని అడగడం మొదలుపెట్టారు. మూడోనాటికి ఆ నీళ్ళు కాలువలోకి పోయేలా పైపు పడింది. ఓనరు నాతో, "ఆ సారు తిట్టినా బాగుండు అన్న, గట్ల నిలవడితే ఇడ్లీలు దిగుతలేవు" అని మొరపెట్టుకున్నాడు.

నా వంతు కూడా వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే మూల, గల్లీ మొత్తానికి చెత్త వేసే చోటు. ఒకరోజు సారు దాని సంగతి ఎత్తితే, మన మూలకేమైంది సార్, సాఫ్‌గనే ఉంది కదా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. సారు వాదించలేదు. ఇంటికెళ్ళి ఖాళీ సూట్‌కేసు తెచ్చి నా చేతిలో పెట్టి, పంజగుట్ట చౌరస్తా దాకా ఆటోలో పోయి, అక్కడ దిగి, ఇప్పుడే ఊరి నుంచి వచ్చినవాడిలా నడుచుకుంటూ రమ్మన్నారు.

గిరాకీ లేని పూట. తమాషాగా ఉంటుందని పోయాను. సూట్‌కేసు చేతిలో పడగానే ఈ ఊరు నన్ను మరిచిపోయింది. పాతికేళ్ళుగా చూస్తున్న ఆటోవాలా నన్నే మూడింతలు అడిగాడు. ఇద్దరు హాస్టల్ కుర్రాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని ఏసీనా నాన్ ఏసీనా అన్నారు. మా గల్లీలోకి తిరగ్గానే పాలాయన, "ఏందన్న, వదినతో లొల్లి అయిందా?" అన్నాడు. పెట్టె పట్టుకుంటే మనిషి కళ్ళు మారతాయన్నది నిజం. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో, పాన్ మరకలు ఏ గోడకు ఎంత ఎత్తున ఉన్నాయో అన్నీ ఆ రోజే చూశాను.

ట్రాన్స్‌ఫార్మర్ మూలకు వచ్చేసరికి దూరం నుంచే రంగురంగులుగా మెరుస్తూ ఒక గుట్ట. చిలకాకుపచ్చ, వంకాయరంగు, గులాబీ. దగ్గరకు పోయి చూస్తే బ్లౌజు ముక్కలు, లైనింగు పీలికలు, ఫాల్ చివర్లు. ఆ చిలకాకుపచ్చ బ్లౌజు నేను ముందురోజే కుట్టాను. మా నాయన సిరిసిల్లలో మగ్గం మీద నేసినంత గుడ్డ, నేను ముక్కలు చేసి ఆ మూల పోశాను.

సారు స్టూలు మీద కూర్చుని, నేనెవరో తెలియనట్టు, "దిగి ఎంతసేపైంది నాయనా? మొదట ఏం కనబడింది?" అన్నారు.

"బ్లౌజులు సార్" అన్నాను.

ఫుల్ చాయ్ ఇప్పించారు. మర్నాటి నుంచి నా పీలికలన్నీ సంచిలో కట్టి, దిండ్లు కుట్టేవాళ్ళకు పంపుతున్నాను.

ఇంతమంది కొత్తవాళ్ళను అడిగిన మనిషికి అసలు కావాల్సింది ఒక్కరి జవాబే అని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. ఆవిడ వాళ్ళ అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ని పెంచింది ఆవిడే. ఈయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తమ్ముడి కాపురం చూద్దామని ఒకసారి వచ్చిందట. మా గల్లీలో అడుగుపెట్టి, ముక్కు మూసుకుని, మంచినీళ్ళు మాత్రం తాగి, సాయంత్రం బండికే వెళ్ళిపోయిందట. మనుషులుండే చోటు కాదురా ఇది అందట. నాకు తెలిసేనాటికి ఈయన భార్య పోయి ఒంటరి. అక్కడ ఆవిడా ఒంటరి. రోజూ ఫోన్లో ఇద్దరూ ఏం కూర వండుకున్నారో చెప్పుకునేవారు. ఒకే కూర రెండు ఊళ్ళలో రెండు గిన్నెల్లో ఎందుకక్కా, వచ్చేయి అని ఈయన. ఆ ఊళ్ళోనా, నేను రాను అని ఆవిడ. ఇన్నేళ్ళ తర్వాత ఆషాఢంలో ఒక మెట్టు దిగింది. వస్తా, ఒక్క పూట చూస్తా, నచ్చకపోతే సాయంత్రం బండికి వెళ్ళిపోతా, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు అంది.

సారు నా షాపుకొచ్చి ఈ సంగతి చెప్పి, స్టూలు మీద కూర్చుని, గొడుగు పిడి తిప్పుతూ ఉండిపోయారు.

పది రోజులు టైముంది. గల్లీ అంతా ఊడ్చాం, గోడలు కడిగాం. ట్రాన్స్‌ఫార్మర్ మూల మాత్రం పొద్దున ఎత్తితే మధ్యాహ్నానికి మళ్ళీ నిండేది. అప్పుడు నాకొక ఐడియా వచ్చింది. నాకు ఐడియాలు రాకుండా ఉంటే ఈ దేశం ఇంకొంచెం ప్రశాంతంగా ఉండేది. "సార్, మనోళ్ళు చీపురుకు భయపడరు, అమ్మవారికి భయపడతరు" అన్నాను. ఆయన వద్దనేలోపే గోడకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు వేపకొమ్మలు కట్టి, ముందు ముగ్గేశాను. విగ్రహం పెట్టలేదు, పటం పెట్టలేదు. వట్టి గోడే.

మొదటి రోజు ఒక్క కవరు కూడా పడలేదు. నేను గల్లీలో కాలరెగరేసుకుని తిరిగాను. రెండోరోజు ఒక నిమ్మకాయ కనబడింది. మూడోరోజు కొబ్బరికాయ. నేను మరిచిపోయిందేమిటంటే అది బోనాల నెల, మా గల్లీ బల్కంపేట ఎల్లమ్మ గుడికి అడ్డదారి. పోయేవాళ్ళు పోతూ ఒక దండం, వచ్చేవాళ్ళు వస్తూ ఒక కొబ్బరికాయ. నాలుగోనాడు ఎవరో ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. ఐదోనాడు గాజులు, బంతిపూల దండలు. టిఫిన్ సెంటరు ఓనరు ఫోన్లో అడ్రసు చెబుతూ, మూలమీది అమ్మవారి పక్కనే అన్న అంటుంటే నా చెవులతో విన్నాను.

వారం తిరిగేసరికి అక్కడ కొబ్బరి చిప్పలు నడుము ఎత్తున లేచాయి. వాన పడి చిప్పల్లో నీళ్ళు నిలిచి, దోమలు సుఖంగా కాపురం పెట్టాయి. పూలు కుళ్ళి, చక్కెర పొంగలికి ఈగలు ముసిరి, పాత చెత్తే నయం అనిపించింది. తీద్దామంటే తీసేవాళ్ళు లేరు. గల్లీ ఊడ్చే యాదమ్మ దూరం నుంచే లెంపలేసుకుని, "గది అమ్మవారి జాగ అన్న. నేనైతే చీపురు పెట్ట. పసుపు రాసినోనివి నువ్వే కదా, నువ్వే తియ్యి" అంది. నేను వంగబోయాను. అప్పుడే ఒకావిడ హారతి వెలిగించింది. వంగినవాణ్ని వంగినట్టే దండం పెట్టి లేచాను.

సారుకు చూపిస్తే ముందు నవ్వారు. స్టూలు మీంచి జారేంత నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "రేపే కదండీ అక్క వచ్చేది" అన్నారు. ఆ తర్వాత నవ్వలేదు.

మర్నాడు నేను ఒక దారి గీసి పెట్టుకున్నాను. ఆవిడను పంజగుట్ట వైపు నుంచి రప్పించి, మూల కనబడకుండా వెనక సందులోంచి మేడ ఎక్కించేయాలని. స్టేషన్ నుంచి ఆవిడను తెస్తున్న ఆటోవాలాకు ఫోన్లో ఆ దారే చెప్పాను, అతను నన్ను కాక తన ఫోన్లోని మ్యాపును నమ్మాడు. సరిగ్గా ట్రాన్స్‌ఫార్మర్ ముందు బ్రేకు వేశాడు. ఆటోను ఉండమని చెప్పి ఆవిడ దిగింది. సన్నగా, నిటారుగా, సారు గొడుగు లాగే ఉంది. సారు మెట్లు దిగి వచ్చేలోపే ఆవిడ చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

"ఎంత చల్లని చోటురా తమ్ముడూ" అంది. "నీ వీధి మొగలో అమ్మవారు ఉందని ఒక్కసారీ చెప్పలేదేం?"

నేను ఆవిడ వెనక నిలబడి సారుకు కళ్ళతో సైగ చేశాను. ఊరుకోండి సార్, అమ్మవారే దిగొచ్చి మీ కేసు గెలిపిస్తోంది అని. ఈగలు ఆవిడ చుట్టూ తిరుగుతున్నాయి, ఆవిడకు పట్టలేదు. తలూపితే చాలు, అక్క ఉండిపోతుంది.

సారు తలూపలేదు. పొద్దున్నే నా షాపు ముందు ఎవరినైనా ఎలా అడిగేవారో అలాగే అడిగారు. "దిగి రెండు నిమిషాలైంది కదక్కా. మొదట ఏం కనబడింది?"

"పసుపు" అందావిడ.

"దాని కింద?"

ఆవిడ వంగి చూసింది.

"అది చెత్తకుప్ప అక్కా" అన్నారు సారు. "చెత్త వేయకుండా ఉంటారని ఈ టైలరుగారు పసుపు పూశారు. నీకోసమే. అమ్మవారు లేదు. నువ్వు అప్పుడు చూసిన మూలే ఇది. ఏం మారలేదు."

నాకు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను కౌగిలించుకోవాలనిపించింది. హారతి పళ్ళెం పట్టుకుని వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే ఆగిపోయారు. యాదమ్మ చీపురు వెనక దాచుకుంది. సారువాళ్ళ అక్క నెమ్మదిగా నావైపు తిరిగింది. "నువ్వేనా టైలరువి?"

"అవునమ్మా. తప్పయింది. మంచిగైతదనుకున్న."

"మంత్రం ఏమన్నా చదివావా?"

"ఏడో తరగతి దాకనే చదివినమ్మా."

ఆవిడ కొంగు నడుముకు బిగించింది. "అమ్మవారయితే నేను ముట్టుకోకూడదు గానీ, చెత్తేగా. చెత్తకి నాకేం భయం?" అని యాదమ్మవైపు చెయ్యి చాచింది. "ఇటివ్వమ్మా చీపురు."

ముందు ఆ రాయిని రెండు చేతులతో తీసి, కడిగి, బల్కంపేట గుడి దగ్గర వేపచెట్టు కింద పెట్టి రమ్మని నాకిచ్చింది. పసుపు రాసిన చేతులు మోయాలి కదా అంది. ఆ తర్వాత వంగి ఊడవడం మొదలుపెట్టింది. చీపురు నాలుగుసార్లు కదిలిందో లేదో, యాదమ్మ సిగ్గుపడి, "ఇడువమ్మా, నీ వయసేంది, నీ పనేంది" అని లాక్కుంది. హారతి పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు పళ్ళేలు అరుగు మీద పెట్టి కొబ్బరిచిప్పలు బుట్టలో వేశారు. టిఫిన్ సెంటరు ఓనరు బకెట్లతో నీళ్ళు పోశాడు. నేను గుడికి పోయి వచ్చేసరికి గోడ కింద నేల కనబడుతోంది. ఆ నేల రంగు ఏమిటో మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఎర్ర బండలట.

సారు మాత్రం గొడుగు పట్టుకుని పక్కన నిలబడే ఉన్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆటోవాలా హారన్ కొట్టాడు. "అమ్మా, స్టేషన్‌కు పోతరా, ఉంటరా? జర చెప్పుండ్రి, నాకు ఇంకో గిరాకీ ఉంది."

సారు మొహం చూడలేకపోయాను. ఆవిడ చేతులు కడుక్కుంటూ, ఆటోవైపు చూడకుండానే, "ఆ సంచి దింపించరా. నేను లేకపోతే రేపు ఇక్కడ ఇంకో దేవుణ్ని లేపేట్టున్నాడు ఈ టైలరు" అంది.

గీతల సంచి వెనక సీట్లో ఉంది. ఒంటి చేత్తో లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగితే జిప్పు విచ్చుకుని, పాత నేత చీరలో చుట్టిన రాతిరోలు బయటపడింది. పచ్చడి నూరుకునే చిన్నరోలు. పక్కనే దాని పొత్రం. ఒక్క పూట చూసి సాయంత్రం బండికి వెళ్ళిపోతానన్న మనిషి, గోదావరి దాటించి రోలు మోసుకొచ్చింది.

సారు కూడా చూశారు. వంగి గబుక్కున చీర కొంగుతో రోలు కప్పేసి, నా చెవి దగ్గర, "చూడనట్టే ఉండండి టైలరుగారూ. ముందే ఒప్పేసుకుని వచ్చిందని మనకి తెలిసిందని తెలిస్తే అలిగి వెళ్ళిపోతుంది" అన్నారు.

ఇద్దరం చెరోపక్క పట్టి ఆ రోలును మేడ ఎక్కించాం. మెట్టు మెట్టుకీ ఆయన నవ్వు ఆపుకోలేక చెయ్యి వదిలేస్తుంటే, బరువంతా నా మీదే పడింది.